బేడీ చీల

గుమాస్తా లస్మయ్య కొలిమి ముందుకు వచ్చేసరికి హన్మండ్లు చెరుకు నరికే కత్తి అంచు సాగగొడుతున్నాడు. ఎర్రగా కాలిన ఇనుమును పట్టుకారుతో దాగలి మీద అటూ ఇటూ తిప్పుతూ, కుడిచేతి సుత్తితో చిన్న దెబ్బ వేసి చోటు చూపిస్తాడు. ఎదురుగా నిలబడ్డ భార్య నర్సవ్వ సరిగ్గా ఆ చోటే సమ్మెట దించుతుంది. పని నడిచేటప్పుడు ఇద్దరి మధ్యా మాటలుండవు. దాగలి మీద ఇనుము మోత తప్ప ఇంకేమీ వినిపించదు.

లస్మయ్య వెనకాల వచ్చిన మనిషి భుజం మీది పాత బండి చక్రపు ఇనుప పట్టాను ధన్‌మని కింద పడేశాడు. నర్సవ్వ ఎత్తిన సమ్మెటను అలాగే ఆపి, మెల్లగా నేలకు దించింది.

"దొర హుకుం," అన్నాడు లస్మయ్య. "ఒక జత బేడీలు జెయ్యాలె. కాళ్ళకు. నడుమ గొలుసు."

"ఎద్దులకా అయ్యా?"

"మనిషికి."

ఎవరికని హన్మండ్లు అడగలేదు. అడగనక్కర లేకుండానే ఊరంతటికీ తెలుసు. దొర గడిలో వెట్టి చేసే అబ్రాహాము దసరా అయ్యాక, భార్య మరియను అక్కడే వదిలి, ఎవరికీ చెప్పకుండా కామారెడ్డి పోయి, స్టేషన్ దగ్గర రైలు పట్టాల పనికి కుదిరాడు. నిన్న మధ్యాహ్నం దొర మనుషులు అతన్ని బండికి కట్టి తెచ్చారు. బండి ఈ కొలిమి ముందు నుంచే పోయింది. అప్పుడు హన్మండ్లు తల వంచుకొని తిత్తి ఊదాడు.

"అయ్యా, నాకు కత్తులు, కర్రులు, బండి పట్టాలు వస్తయి గని, గిసుంటివి ఎన్నడు చెయ్యలే. కొలత తెల్వది."

లస్మయ్య నవ్వాడు. "నీ కాలు లేదా? వాని కాలు గూడ గంతే ఉంటది. నీ కాలుకే కొలుసుకో. ఎల్లుండి పొద్దున వాన్ని తోలుకొస్త. గప్పటికి తయారుండాలె."

అతను పోయాక కూడా హన్మండ్లు కత్తిని నిప్పుల్లో పెట్టలేదు. యుద్ధం మొదలైనప్పటి నుంచి ఇనుము దొరకడం లేదు. అయినా గడివాళ్ళు నిక్షేపంలాంటి పట్టా ఇచ్చారు. దాన్నే చూస్తూ కూర్చున్నాడు. కిందటేడు తాళ్ళు గీసే బీరయ్య కల్లు తక్కువ పోశాడని గడి వాకిట్లో ఎండలో వంగబెట్టి వీపు మీద బండ పెట్టారు. పట్టుకార్లు ఇవ్వడానికి పోయిన హన్మండ్లు అది చూశాడు. అప్పటి నుంచి గడి నుంచి ఎవరైనా పిలిస్తే మెడ వెనక చల్లగా అవుతుంది, అరచేతులు చెమర్చి సుత్తి కర్ర జారుతుంది.

"చేస్తవా?" అంది నర్సవ్వ.

"చెయ్యకుంటే?"

ఆమె తిత్తి దగ్గరికి పోయి కూర్చుంది.

ఆ రోజూ మర్నాడూ అదే పని. పట్టాను కాల్చి, ఉలి పెట్టి నాలుగు ముక్కలు చేశారు. ఒక్కో ముక్కనూ మళ్ళీ కాల్చి, దాగలికి ఒక పక్క ముక్కులా సన్నబడిన చోట ఆనించి అర్ధచంద్రంలా వంచారు. రెండు అర్ధచంద్రాలు ఒక పక్క కొక్కెంతో కలుస్తాయి. రెండో పక్క చెవుల్లాంటి రేకులు. ఆ చెవుల్లో రంధ్రం. కాలు లోపల పెట్టి చెవులు కలిపి, ఎర్రగా కాలిన చీలను రంధ్రంలో దూర్చి, రెండు కొసలూ దాగలి మీద గొడుగులా పరిస్తే ఇక అది ఊడదు. కొలిమికి తీసుకొచ్చి తెగ్గొడితే తప్ప రాదు.

కొలత చూసుకోవడానికి ఇంకా వేడి ఆరని ఇనుమును హన్మండ్లు తన చీలమండకు ఆనించుకున్నాడు. సరిగ్గా పట్టింది. వెంటనే కాలు లాక్కున్నాడు. కాలలేదు, కాని చాలాసేపు ఆ చోటును చేత్తో రుద్దుకుంటూ ఉండిపోయాడు.

చీలలు చెయ్యడం అన్నిటికన్నా చిన్న పని. సన్నని కమ్మీని ఉలితో చుట్టూ గాటు పెట్టి, అంచున ఆనించి ఒక్క దెబ్బ కొడితే ముక్క తెగుతుంది. ఆ సాయంత్రం హన్మండ్లు వాటిని మొదలుపెట్టాడు. ఒక చీల సరిగ్గానే వచ్చింది. రెండోదానికి ఉలి జారి, గాటు కొసన పడాల్సింది నట్టనడుమ పడింది. చుట్టూ తిరిగిన లోతైన గాటు. దాన్ని వేళ్ళ మధ్య తిప్పి చూసి, దాగలి మొద్దు పక్కన పెట్టాడు. ఇంకొకటి తెగ్గొట్టాడు.

"అది పనికి రాదు," అన్నాడు.

నర్సవ్వ విన్నది.

*

అబ్రాహామును నడిపించే తీసుకొచ్చారు. చేతులు వెనక్కి కట్టేసి ఉన్నాయి. ఇన్నేళ్ళలో అతను కొలిమి లోపలికి ఎప్పుడూ రాలేదు. గడి కత్తులు తెచ్చినా బయట నేల మీద పెట్టి దూరంగా నిలబడేవాడు. ఇప్పుడు లస్మయ్య మెడ పట్టి లోపలికి నెట్టి, దాగలి ముందు కూర్చోబెట్టాడు.

హన్మండ్లు తడి గోనెపట్టా తెచ్చి అతని ఎడమ పాదానికి చుట్టాడు. చీలమండ దగ్గర పట్టుకున్నాడు. సన్నగా, గట్టిగా, బెరడులాంటి చర్మం. అబ్రాహాము అతని మొహంలోకి చూశాడు. హన్మండ్లు చూపు తిప్పుకున్నాడు.

ఎడమ కాలి పని అయింది. సమ్మెట దెబ్బ పడ్డప్పుడల్లా గోనెలోంచి ఆవిరి బుస్సుమన్నది. అబ్రాహాము కళ్ళు మూసుకున్నాడు. పెదాలు కదులుతున్నాయి. లోలోపల ప్రార్థన చేసుకుంటున్నాడో, బూతులే తిడుతున్నాడో తెలియదు.

కుడి కాలు దాగలి మీదికి ఎత్తాడు. చెవులు కలిపి, వెనక్కి తిరగకుండానే పట్టుకారు చాచాడు. నర్సవ్వ నిప్పుల్లోంచి చీల తీసి పట్టుకారుకు అందించింది.

ఎర్రటి ఇనుము నడుమ నల్లని గీత చుట్టూ కనిపించింది.

హన్మండ్లు భార్య వైపు చూశాడు. ఆమె నిప్పుల వైపు చూస్తోంది. ఓ పక్క దుంగ మీద కూర్చున్న లస్మయ్య చుట్ట వెలిగించుకోవడానికి నిప్పు కోసం తడుముతున్నాడు. "ఇది గాదు, ఇంకోటియ్యి" అని ఒక్క మాట అంటే చాలు. ఆ మాట గొంతు దాకా వచ్చింది. అంటే లస్మయ్య ఎందుకని అడుగుతాడు. దగ్గరికి వచ్చి చూస్తాడు. చీల చల్లబడి నల్లగా మారుతోంది.

"ఏంది సూస్తున్నవ్? కొట్టు," అన్నాడు లస్మయ్య.

హన్మండ్లు చీలను రంధ్రంలో దూర్చాడు. నల్ల గీత రెండు చెవుల మధ్య సందులోకి పోయి కనిపించకుండా అయింది. సుత్తితో చోటు చూపించాడు. నర్సవ్వ సమ్మెట ఎత్తింది.

అందరూ పోయాక, గొలుసు మోత బాట మీద దూరమయ్యాక, అతను భార్య దగ్గరికి వచ్చి గుసగుసగా అడిగాడు.

"కావాల్ననే ఏసినవా?"

"ఆఁ."

"నీకు పిచ్చి లేశిందానే? వాడు ఒక్కసారి కాలు గట్టిగ ఇదిలిస్తె టప్పున తెగుతది. తెగితే వాడు ఉరుకుతడు. వాడు ఉరికితే బేడీ చేసినోడు ఎవడని సూస్తరు. నా తోలు తీస్తరు."

"పనికి రాదన్నవు గద. మరి తుక్కులెందుకు పారెయ్యలే? మొద్దు పక్కకు మంచిగ ఎందుకు పెట్టినవ్?"

హన్మండ్లు కొలిమిలో నిప్పుల మీద నీళ్ళు చల్లాడు. 

*

పోచారం కాలువ కింద గడి చెరుకు తోట. గానుగ అక్కడే, కొలిమికి ఎక్కువ దూరం లేదు. అబ్రాహామును అక్కడే పెట్టారు. చెరుకు మోపులు గానుగ దగ్గరికి మోయడం, పిప్పి ఎండేసి బెల్లం పొయ్యిలోకి ఎగదొయ్యడం అతని పని. పొద్దున్నే చలిగాలితో పాటు గొలుసు చప్పుడు కొలిమి దాకా వచ్చేది. ఆ చప్పుడు వినగానే హన్మండ్లు ఊపిరి వదిలేవాడు. ఇంకా ఉన్నాడు. ఇంకా తెగలేదు. కాసేపటికి చప్పుడు ఆగేది. ఆగగానే చేతిలో పని వదిలేసి చెవులు నిక్కించి కూర్చునేవాడు. పారిపోయాడా? కూర్చున్నాడా? గడి మనుషులు బయల్దేరారా? మళ్ళీ గొలుసు కదిలేది.

అన్నం సయించేది కాదు. బండి చక్రానికి పట్టా ఎక్కించడానికి వచ్చిన రైతు గంగారాం, "ఏంది హన్మండ్లు, జరమొచ్చిందా? మొకం గట్ల పీక్కపోయింది," అన్నాడు. చక్రం చుట్టూ పిడకలు కాల్చి, ఎర్రబడ్డ పట్టాను నలుగురు పట్టి చక్రానికి తొడిగి, నీళ్ళు చల్లుతుంటే బాట మీద ఎవరో పరుగెత్తిన చప్పుడైంది. హన్మండ్లు చేతిలోని కుండ జారి పగిలింది. పరుగెత్తింది మేక.

ఆ రోజే అతను ఇంకో చీల చేశాడు. గాటు లేకుండా, నున్నగా, గట్టి చీల. దాన్ని మొలలో దోపుకున్నాడు. ఏదో వంక పెట్టి గానుగ దగ్గరికి పోవాలి. బేడీ వదులైందని చెప్పి, విప్పి, దీన్ని వెయ్యాలి. అంతే, ఇక నిద్ర పడుతుంది. నర్సవ్వకు చెప్పలేదు. తీరా బయల్దేరే వేళకు లస్మయ్యకు ఏమని చెప్పాలో తోచలేదు. చీల మొలలోనే ఉండిపోయింది. వంగినప్పుడల్లా పొట్టలో గుచ్చుకునేది.

ఇంతలో గడి నుంచి పిలుపు వచ్చింది.

పోయేటప్పుడు నర్సవ్వతో ఏమీ అనలేదు. వాకిట్లో అంగీ విప్పి చంకలో పెట్టుకొని, చెప్పులు బయటే వదిలి, అరుగు కింద నిలబడ్డాడు. దొర అరుగు మీద కుర్చీలో కూర్చొని పళ్ళు కుట్టుకుంటున్నాడు.

"మంచిగ చేసినవ్ రా," అన్నాడు దొర. "వాడు కిక్కురుమంటలేడు. పని గూడ మునుపటికంటె జాస్తి జేస్తుండు."

"బాంచెను దొరా."

"ఇంకో నాలుగు జతలు జెయ్యి. పెద్దయి రెండు. రెండు జర చిన్నయి, ఆడోళ్ళకు గూడ పట్టేటట్టు."

హన్మండ్లు బయటికి వచ్చి ఎంత దూరం నడిచాడో అతనికే తెలియలేదు. గానుగ పక్క నుంచే బాట. అబ్రాహాము పిప్పి మోపు ఎత్తుకొని పొయ్యి వైపు పోతున్నాడు. కుడి కాలి బేడీకి మాత్రం మసి గుడ్డ చుట్టి ఉంది. పుండు పడిందేమో అనుకున్నాడు హన్మండ్లు. అబ్రాహాము అతన్ని చూశాడు. చూసి, చప్పున కుడి కాలును ఎడమ కాలి వెనక్కి జరుపుకున్నాడు.

*

హైదరాబాదు నుంచి సర్కారు పెద్ద సాబ్ ఊళ్ళ తనిఖీకి దౌరా మీద వస్తున్నాడని గడిలో హడావుడి మొదలైంది. ఊరి బయట మామిడితోపులో డేరాలు వేశారు. చాకళ్ళు, కుమ్మర్లు, మంగళ్ళు అందరూ అక్కడే. కోళ్ళు, కట్టెలు, పాలు, మంచాలు ఊళ్ళోంచి పోయాయి. సాబ్ గుర్రాలు దిగాయన్న కబురు వచ్చిన కాసేపటికే లస్మయ్య అబ్రాహామును వెంటబెట్టుకొని, దాదాపు ఉరుకుతూ కొలిమిలోకి వచ్చాడు.

"ఇప్పు, జల్ది ఇప్పు. సాబ్ కంట్ల పడొద్దు. సర్కారు జేలుల తప్ప బయట మనిషికి బేడీలేస్తె ఊకోడంట. ఆయిన పోయినంక మల్ల ఎయ్యాలె."

 విప్పాలంటే చీల తియ్యాలి. తీస్తే గాటు కనిపిస్తుంది.

హన్మండ్లు ముందు ఎడమ కాలు పట్టాడు. ఉలి ఆనించి చీల తల మీద పెట్టాడు. నర్సవ్వ దెబ్బ మీద దెబ్బ వేసింది. గట్టి చీల. చాలాసేపటికి గాని తల తెగి ఎగిరిపడలేదు. లస్మయ్య వాకిట్లోకి పోతూ, బాట చూస్తూ, మళ్ళీ లోపలికి వస్తూ ఉన్నాడు.

కుడి కాలు. హన్మండ్లు మసి గుడ్డ విప్పాడు. లోపల పుండు లేదు. చెవుల చుట్టూ సన్నని జనపనార బిగించి ఉంది. దాని మీద బెల్లం మడ్డి పూసి, మసి అద్ది ఉంది. మడ్డి ఎండి ఇనుములాగే నల్లగా, గట్టిగా అయింది. హన్మండ్లు వేలితో నెట్టి చూశాడు. సందులో చీల రెండు ముక్కలై ఉంది. ఈ రోజు తెగింది కాదు, విరిగిన చోట తుప్పు పట్టింది.

ఎన్నాళ్ళ నుంచో ఈ కాలికి బేడీ లేదు.

హన్మండ్లు తలెత్తాడు. అబ్రాహాము తల అడ్డంగా, కనీకనిపించకుండా ఊపాడు. ఏమీ అనకు, అన్నట్టు.

"ఏమాయె? తొందరగ కానియ్యి," లస్మయ్య వాకిట్లోంచి లోపలికి అడుగు పెట్టాడు.

హన్మండ్లు ఉలి పెట్టాడు.  నర్సవ్వ వంగి సందులోకి ఒక్క చూపు చూసింది. ఆమె మొహం మారలేదు. సమ్మెటను తల మీదుగా తిప్పి దించింది. దెబ్బ ఉలి మీద పడలేదు, పక్కన దాగలి మీద పడింది. కొలిమంతా మోగింది. అబ్రాహాము "యేసయ్యో" అని కేక పెట్టి వెనక్కి వాలాడు. "కదలకురా!" అని హన్మండ్లు అరిచాడు. అరిచినది తనేనని అతనికే నమ్మకం కలగలేదు. మళ్ళీ సమ్మెట. మళ్ళీ దాగలి మీదే. మళ్ళీ కేక. ముగ్గురూ చెమటలు కక్కుతూ, లేని చీలను తెగ్గొడుతున్నారు.

"గట్టి చీల అయ్యా," అన్నాడు హన్మండ్లు రొప్పుతూ.

"గట్టిగ చెయ్యమన్నది మేమే గద," అన్నాడు లస్మయ్య. బాట మీద గుర్రం సకిలిస్తే అటు తిరిగాడు. ఆ క్షణంలో హన్మండ్లు నార తెంపి, విరిగిన ముక్కలను నీళ్ళ తొట్టిలోకి జారవిడిచాడు. బేడీ ఊడి నేల మీద పడింది.

లస్మయ్య దాన్ని కాలితో బొగ్గుల వెనక్కి తోశాడు. "గడిల సాబ్ మనుషులు తిరుగుతున్నరు. వీన్ని ఈడ్నే కూసోబెట్టుకో. తిత్తి ఊదిపియ్యి. నేను డేరాల కాడికి పోవాలె. సాబ్ పోయిందాక వీని మీద ఒక కన్నేసి ఉంచు. వీడు పోతే గా బేడీలు నీ కాళ్ళకు, నీ పెండ్లాం కాళ్ళకు. సమజైందా?"

"అయింది అయ్యా."

లస్మయ్య పోయాడు.  అబ్రాహాము చీలమండలు పిసుక్కుంటున్నాడు. రెండింటి చుట్టూ చర్మం లేచి ఎర్రని వలయాలు పడ్డాయి.

"ఎప్పుడు ఇరిగింది?" అన్నాడు హన్మండ్లు.

"ఏసిన తెల్లారే అన్నా. మోపు ఎత్తంగ టక్కుమన్నది. వంగి సూస్తె సందు కనపడ్డది."

"మరి పోకపోతివి?"

"యాడికి పోదు? నేను పోయినంక ముందుగాల నీ కాడికే వస్తరు గద." అతను పాదాన్ని తిప్పి చూసుకుంటూ అన్నాడు. "నువ్వు నా కాలు పట్టుకున్నప్పుడు నాకంటె నీ చెయ్యే ఎక్కువ వణికింది అన్నా. గంత భయం పెట్టుకొని నువ్వు ఏసిన చీల. దాన్ని ఇరగ్గొట్టి వాళ్ళ ముందల పారేసి, నిన్ను సంపియ్యాల్నా? అందుకనే సుట్టిన. గానుగ కాడ బెల్లం మడ్డికి కరువు లేదు."

హన్మండ్లు మొలలో నున్నటి చీల పొట్టలో గుచ్చుకుంటోంది. తీసి నిప్పుల్లోకి విసిరేశాడు. అదేమిటని ఎవరూ అడగలేదు. రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఇన్నాళ్ళూ పొద్దున్నే ఆ గొలుసు చప్పుడు విని బతికిపోయాను అనుకున్నాడు. అబ్రాహాము ఆ చప్పుడు చేస్తూ ఉండిపోయింది తన కోసమే.

"మల్ల ఏస్తరు," అంది నర్సవ్వ. "నీకే గాదు. నాలుగు జతలు చెప్పిండ్రు. ఆడోళ్ళయి గూడ."

అబ్రాహాము ఉలిక్కిపడ్డాడు. "మరియకా?"

హన్మండ్లు మొహం మీది చేతులు తీశాడు. లస్మయ్య చెప్పిన మాట ఒకటి అతని బుర్రలో తిరుగుతోంది. సాబ్ కంట్ల పడొద్దు. లస్మయ్య కంగారు, ఉరుకులు, మాటిమాటికీ బాట చూడడం. అది హన్మండ్లుకు బాగా తెలిసిన జబ్బే. గడికీ భయమే.

"మరియ యాడుంది?" అన్నాడు.

"గడి ఎనక దాలాన్ల. సాబ్ వంటలకు పిండి ఇసురుతుంది."

"నర్సవ్వా," అన్నాడు హన్మండ్లు. పెళ్ళయ్యాక ఆమెను పేరు పెట్టి పిలిచింది తక్కువ. "గడికి పో. వంట కత్తులు సాన పట్టనీకి తెస్తనను. గంప మొయ్యనీకి మరియను ఎంబడి తోలుకరా. ఇయ్యాల గడిల అడిగేటోడు లేడు, అందరు డేరాల కాడనే ఉన్నరు."

"తెచ్చినంక?"

"కామారెడ్డికి పోదం. డేరాల ముంగట్నుంచే."

"డేరాల ముంగట్నుంచా?" అన్నాడు అబ్రాహాము. "చేన్లకడ్డం పడి పోదం అన్నా."

"చేన్ల దొరికితే ఎవడు సూస్తడు? ఆడనే సంపి పాతిపెడ్తరు. సాబ్ ముందల మాత్రం ఒక్కడు నోరు తెరవడు." చెబుతుంటే అతని గొంతు కీచుగా పోయింది. తన మాట మీద తనకే నమ్మకం లేదు. నర్సవ్వ అప్పటికే కొంగు బిగించి బయటికి నడిచింది.

దాగలిని మొద్దులోంచి పెకలించడానికి గునపం పెట్టాల్సి వచ్చింది. హన్మండ్లు తాత కాలం నుంచి అది ఆ మొద్దులోంచి కదల్లేదు. బయటికి వచ్చాక, "మొయ్యి," అన్నాడు. అబ్రాహాము వెనక్కి జరిగాడు. ఏటా పసుపు కుంకుమ పెట్టి మొక్కే ఇనుము. తను ముట్టేది కాదు.

"మొయ్యి రా. పని మీద పోతున్నమంటే నమ్మాలె గద," అంటూ హన్మండ్లు తానే ఒక పక్క పట్టి అతని తల మీది చుట్టకుదురు మీదికి ఎత్తాడు.

*

మామిడితోపు ముందు బాట సన్నగా ఉంది. హన్మండ్లు సుత్తులు, సమ్మెట భుజాన పెట్టుకొని ముందు నడుస్తున్నాడు. వెనక దాగలితో అబ్రాహాము. ఆ వెనక తిత్తి చుట్ట మోస్తూ నర్సవ్వ, గంపతో మరియ. మరియకు సగం సంగతే చెప్పారు. ఆమె గంప అంచును రెండు చేతులా పట్టుకొని నేల చూపులు చూస్తోంది.

చెట్టు నీడన కుర్చీలో సాబ్. నల్ల షేర్వానీ, నెరిసిన గడ్డం. పక్కన దొర. ఊరు ఎన్నడూ చూడని తీరులో చేతులు కట్టుకొని నిలబడి ఉన్నాడు. లస్మయ్య గ్లాసుల పళ్ళెం పట్టుకొని వస్తూ వీళ్ళను చూశాడు. పళ్ళెంలో గ్లాసులు గలగలలాడాయి. నోరు తెరిచాడు, దొర వైపు చూశాడు, మూసుకున్నాడు.

హన్మండ్లు ఆగలేదు. ఇంకొన్ని అడుగులు. ఇంకొన్ని.

"ఠహరో," అన్నాడు సాబ్.

నలుగురూ ఆగిపోయారు.

"ఎవరు వీళ్ళు? ఆ బరువేంది?"

దొర గొంతు సవరించుకున్నాడు. "మా కమ్మరోడు హుజూర్."

"యాడికి పోతున్నవ్?" సాబ్ అడిగింది హన్మండ్లును.

"కామారెడ్డికి సర్కార్. బండ్ల పనుంది." 

సాబ్ చూపు దాగలి మీద నుంచి దాన్ని మోస్తున్న మనిషి మీదికి, అక్కడి నుంచి అతని కాళ్ళ మీదికి దిగింది. అక్కడే ఆగింది.

"వాని కాళ్ళకేమైంది?"

తోపులో చాకలివాళ్ళు పిండే నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. హన్మండ్లు దొర వైపు చూశాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ మొహంలోకి నేరుగా చూడడం అదే మొదలు. దొర గొంతు దగ్గర నరం ఒకటి కొట్టుకుంటోంది. కళ్ళు హన్మండ్లునే పట్టుకొని ఉన్నాయి. వాటిలో కోపం లేదు. ఆ చూపు హన్మండ్లుకు తెలుసు. ఇన్నాళ్ళూ నీళ్ళ తొట్టిలో మొహం కడుక్కునేటప్పుడు తనను చూసిన చూపే.

నిజం చెప్పొచ్చు. చెబితే విచారణ అంటారు. నలుగురినీ ఇక్కడే ఉంచుతారు. సాబ్ రేపో ఎల్లుండో పోతాడు. గడి పోదు.

"కొలిమి పని సర్కార్," అన్నాడు హన్మండ్లు. "నిప్పులు పడ్డయి. కాలినయి."

దొర ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. "పోండ్రి, పోండ్రి," అన్నాడు తొందరగా, చెయ్యి ఊపుతూ. "పొద్దుండంగనే పోండ్రి. బాట దూరం."

ఊరంతా చూస్తుండగా దొరే స్వయంగా పొమ్మన్నాడు.

తోపు దాటి, బాట మలుపు తిరిగాక వెనక అడుగుల చప్పుడు. లస్మయ్య. రొప్పుతూ వచ్చి అడ్డం నిలబడ్డాడు. కాని గొంతు పైకి లేవలేదు. మాటిమాటికీ తోపు వైపు చూస్తూ పళ్ళ సందు నుంచి అన్నాడు.

"సాబ్ ఎన్ని దినాలు ఉంటడు రా? పోయినంక యాడున్నా గుంజుకొస్త. ఆ బేడీలు నీకే ఏస్త."

 హన్మండ్లు సమ్మెటను ఇంకో భుజానికి మార్చుకున్నాడు. "బేడీలు కొలిమిలనే ఉన్నయి అయ్యా," అన్నాడు. "చీల కొట్టెటోడు లేడు."

లస్మయ్య అబ్రాహాము తల మీది దాగలిని అప్పుడే చూసినట్టు చూశాడు. తోపులోంచి ఎవరో అతని పేరు పెట్టి కేకేశారు. పళ్ళు కొరుక్కుంటూ కాసేపు నిలబడి, వెనక్కి పరుగెత్తాడు.

పొద్దు వాలేదాకా నడిచారు. బాట మీద బండి చప్పుడైతే నలుగురూ తుమ్మల చాటుకు తప్పుకునేవారు. బండి పోయాక మళ్ళీ బాట ఎక్కేవారు. ఒకచోట హన్మండ్లు వెనక్కి తిరిగి చూస్తే అబ్రాహాము చాలా వెనకబడి ఉన్నాడు. బరువుకు కాదు. ఖాళీ కాళ్ళతోనే జానెడు జానెడు అడుగులు వేస్తున్నాడు. గొలుసు ఎంత సాగనిచ్చేదో అంతే.

"అబ్రామూ," అంది నర్సవ్వ, "పెద్దగ ఏయి అడుగు. ఏం లేదు కాళ్ళకు."

అబ్రాహాము కిందికి చూసుకున్నాడు. కాలు ముందుకు చాచబోయి తడబడ్డాడు. దాగలి ఒరిగింది. హన్మండ్లు వెనక్కి ఉరికి దాన్ని పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి నేలకు దించారు.

"ఇగ నేను మోస్త," అన్నాడు హన్మండ్లు.

"నీతోని కాదన్నా."

"ఎత్తు."

బరువు తల మీద పడగానే అతని మెడ నరాలు ఉబ్బాయి. భయం తగ్గలేదు.  తర్వాత కామారెడ్డి స్టేషన్ పక్కన పాక వేసి పని మొదలుపెట్టాక కూడా, గడి నుంచి ఎవరూ రాకపోయినా, చాలాకాలం అతను బాట వైపు మొహం పెట్టే కొలిమి దగ్గర కూర్చునేవాడు. ఆ సాయంత్రం మాత్రం వెనక్కి చూడడానికి లేదు, తల మీద దాగలి ఉంది. ముందు చూస్తూ నడిచాడు. పక్కనే అబ్రాహాము ఒక్కో అడుగూ కొంచెం కొంచెం పెద్దది చేసుకుంటూ, ప్రతి అడుగునూ కిందికి వంగి చూసుకుంటూ నడుస్తున్నాడు.